కెమెరా స్థిరీకరణ పరికరాలు: ఎంపిక, వినియోగం

భాగం - 9

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 ప్రవేశిక
9.2 కెమెరా కుదుపు: రెండు రకాలు
9.3 స్థిరీకరణ సూత్రాలు
9.4 స్టెడీకామ్: సంక్షిప్త చరిత్ర
9.5 పరికరాల రకాలు
9.6 పరికరం ఎంపిక
9.7 తూకం కుదర్చటం
9.8 ఆపరేటర్ శరీరం: పట్టు, నడక
9.9 పని ఉదాహరణ: పెళ్లి చిత్రీకరణ
9.10 భద్రత, నిర్వహణ
9.11 సారాంశం
9.12 ముఖ్యపదాలు
9.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- కోణీయ కుదుపుకు, స్థానచలన కుదుపుకు తేడా వివరించగలుగుతారు.
- స్టెడీకామ్, మోటారు గింబల్ పనిచేసే సూత్రాలను పోల్చి చెప్పగలుగుతారు.
- మీ కెమెరా బరువును, చేసే పనిని, మీ శరీర శక్తిని, ఆదాయాన్ని బట్టి తగిన పరికరాన్ని ఎంచుకోగలుగుతారు.
- పరికరానికి క్రమపద్ధతిలో తూకం కుదర్చగలుగుతారు.
- దానితో సురక్షితంగా పనిచేయటానికి పాటించవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

9.1 ప్రవేశిక

కెమెరాను నిలకడగా ఉంచటానికి మనకు మొదట తెలిసిన సాధనం ట్రైపాడ్. అది కెమెరాను ఒకచోట నిలబెడుతుంది. కాని వార్త, డాక్యుమెంటరీ, పెళ్లి, సినిమా, ఏ రంగంలోనైనా కెమెరా మనిషి వెంట నడవవలసిన సందర్భాలు వస్తాయి. సినిమావాళ్లు పట్టాలు పరిచి, ట్రాలీ మీద కెమెరాను తోస్తారు. కల్యాణమండపంలో పట్టాలు పరిచే చోటు ఉండదు, మెట్లమీద అసలు పరచలేం. కెమెరాను చేత్తో పట్టుకుని నడిస్తే మన ప్రతి అడుగూ తెరమీద కనిపిస్తుంది. ఈ ఇబ్బందిని తీర్చటానికి పుట్టినవే స్థిరీకరణ పరికరాలు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారు మొదట అడిగే ప్రశ్న "ఏ కంపెనీది కొనాలి?" అని. దానికంటే ముందు అడగవలసినవి మూడు ఉన్నాయి. నా కెమెరా, లెన్సు, వాటికి తగిలించే సామాను కలిపి ఎంత బరువు? నేను చేసే పని ఎలాంటిది? ఆ బరువును నా భుజాలు, నడుము ఎంతసేపు మోయగలవు? ఈ మూడింటికీ జవాబు దొరికితే కంపెనీ పేరు తేల్చుకోవటం సులభం. జవాబు దొరకకుండా కొంటే, అప్పు చేసి తెచ్చిన పరికరం బీరువాలో ఉండిపోతుంది.

ఒక విషయం ఈ భాగమంతటా గుర్తుంచుకోండి. ఏ పరికరమూ కుదుపును పూర్తిగా మాయం చేయదు. అది మీ శరీరం నుంచి కెమెరాను కొంతవరకు విడదీస్తుంది. ఆ తరవాత కూడా మిగిలిపోయే కుదుపును తగ్గించవలసింది మీ తూకం, మీ పట్టు, మీ నడక.

9.2 కెమెరా కుదుపు: రెండు రకాలు

కెమెరా రెండు విధాలుగా కదులుతుంది. ఉన్నచోటనే తిరిగితే అది కోణీయ కదలిక. దీనికి మూడు అక్షాలు: కుడి ఎడమలకు తిరగటం పాన్, పైకీ కిందికీ వంగటం టిల్ట్, పక్కకు ఒరగటం రోల్. కెమెరా మొత్తంగా పైకి, కిందికి, పక్కకు, ముందుకు జరిగితే అది స్థానచలనం. మనం నడిచేటప్పుడు ఈ రెండూ కలిసి జరుగుతాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చూడండి. కోణీయ కుదుపు లెన్సు నాభ్యంతరం పెరిగేకొద్దీ తెరమీద పెద్దదవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మి.మీ. లెన్సు అడ్డంగా సుమారు 74 డిగ్రీలు చూస్తుంది. 85 మి.మీ. లెన్సు సుమారు 24 డిగ్రీలు మాత్రమే చూస్తుంది. చిత్రం వెడల్పు 1920 పిక్సెళ్లు అనుకుంటే, కెమెరా ఒక్క డిగ్రీ తిరిగినప్పుడు మొదటిదానిలో బొమ్మ సుమారు 26 పిక్సెళ్లు, రెండోదానిలో సుమారు 80 పిక్సెళ్లు జరుగుతుంది. చెయ్యి ఒకటే, వణుకు ఒకటే. తెరమీద కనిపించేది మాత్రం మూడు రెట్లు.

స్థానచలన కుదుపు తీరు వేరు. అది దగ్గరి వస్తువుల మీద ఎక్కువగా, దూరపు వస్తువుల మీద తక్కువగా కనిపిస్తుంది.

చేసి చూడండి: మీ ఫోన్ కెమెరా తెరిచి, లెన్సుకు జానెడు దూరంలో ఒక చేతి వేలును, వెనక గోడమీది క్యాలెండర్‌ను ఒకే ఫ్రేమ్‌లో పెట్టండి. ఫోన్‌ను తిప్పకుండా రెండు అంగుళాలు పైకెత్తండి. వేలు బాగా జరుగుతుంది, క్యాలెండర్ దాదాపు కదలదు. ఇప్పుడు ఫోన్‌ను ఉన్నచోటనే కొద్దిగా తిప్పండి. రెండూ కలిసి కదులుతాయి.

మోటారు గింబల్ సరిదిద్దేది కోణీయ కుదుపును మాత్రమే. అడుగు వేసినప్పుడల్లా కెమెరా పైకీ కిందికీ ఊగే కదలికను అది ఆపలేదు. "గింబల్ కొన్నా వీడియో ఎగురుతోంది" అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే.

9.3 స్థిరీకరణ సూత్రాలు

9.3.1 బరువును దూరంగా పంచటం

పల్లెల్లో కావడి మోసేవారిని మీరు చూసే ఉంటారు. వెదురుబద్ద రెండు కొసలకూ బరువులు వేలాడుతుంటాయి. బరువులు మధ్య బిందువుకు దూరంగా ఉన్నాయి కాబట్టి కావడి చటుక్కున తిరగదు, తిరగటం మొదలుపెట్టినా నెమ్మదిగా తిరుగుతుంది. తిరగటానికి ఒక వస్తువు చూపే ఈ అయిష్టతను భౌతికశాస్త్రంలో జడత్వ భ్రామకం అంటారు. అది ద్రవ్యరాశితోపాటు, అక్షం నుంచి దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2 కిలోల బరువును అక్షానికి 10 సెం.మీ. దూరం నుంచి 30 సెం.మీ. దూరానికి జరిపితే బరువు పెరగకుండానే జడత్వ భ్రామకం 9 రెట్లవుతుంది.

స్టెడీకామ్‌లో ఒక నిలువు కడ్డీకి పైకొసన కెమెరాను, కింది కొసన బ్యాటరీలను, మానిటర్‌ను బిగిస్తారు. ఈ అమరికను స్లెడ్ అంటారు. కెమెరా ఒంటరిగా ఉన్నప్పటికంటే స్లెడ్ చాలా మందకొడిగా తిరుగుతుంది. చేతి చిన్న వణుకులు దాన్ని కదిలించలేవు.

9.3.2 శరీరం నుంచి విడదీయటం

కావడిలో ఇంకో సంగతి కూడా ఉంది. మోసేవాడు అడుగు వేసినప్పుడు వెదురుబద్ద వంగి లేస్తుంది. అడుగు అదటులో చాలా భాగాన్ని అదే మింగుతుంది. స్టెడీకామ్‌లో ఈ పని స్ప్రింగుల చేయి చేస్తుంది. దాని ఒక కొస ఆపరేటర్ తొడుక్కున్న వెస్ట్‌కు, మరో కొస స్లెడ్‌కు తగిలి ఉంటుంది. పైకీ కిందికీ వచ్చే కదలికను అది మింగుతుంది. స్లెడ్‌ను చేయితో కలిపేచోట, అన్ని వైపులకూ స్వేచ్ఛగా తిరిగే కీలు ఉంటుంది. దాన్నే గింబల్ అంటారు. దీనివల్ల ఆపరేటర్ ఒంటి ఒరుగుళ్లు స్లెడ్‌కు చేరవు.

ఈ గింబల్‌ను స్లెడ్ గరిమనాభికి కొంచెం పైన బిగిస్తారు. అప్పుడు కింది భాగం స్వల్పంగా బరువై, కడ్డీ నిలువుగా నిలుస్తుంది.

9.3.3 మోటార్లతో సరిదిద్దటం

ఈనాటి మోటారు గింబల్‌లో కెమెరాను మూడు అక్షాల మీద మూడు బ్రష్‌లెస్ మోటార్లు పట్టుకుంటాయి. గైరోస్కోప్, యాక్సిలరోమీటర్ సెన్సార్లు కెమెరా ఎటు, ఎంత తిరిగిందో సెకనుకు అనేక సార్లు కొలుస్తాయి. లోపలి ప్రాసెసర్ ఆ కదలికకు వ్యతిరేక దిశలో మోటార్లను తిప్పుతుంది. ఇది చాలా వేగంగా జరుగుతుంది గనుక మనకు కెమెరా కదలనట్లే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. మోటార్లు ఉన్నాయి కదా, తూకం ఎందుకు అని కొందరు అడుగుతారు. మోటార్ల పని కుదుపును సరిదిద్దటం. తూకం సరిగా లేకపోతే అవి ఎప్పుడూ కెమెరా బరువును మోస్తూనే ఉంటాయి. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, మోటార్లు వేడెక్కుతాయి, చిన్నపాటి కంపనం వీడియోలోకి వస్తుంది. మనిషి వేగంగా తిరిగిన క్షణాన మోటారు చేతులెత్తేస్తుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1
1) మోటారు గింబల్ ఏ రకం కుదుపును సరిదిద్దలేదు? ఎందుకు?
2) స్టెడీకామ్ స్లెడ్‌లో బ్యాటరీని కెమెరాకు దూరంగా ఎందుకు బిగిస్తారు?
మీ సమాధానాలను 9.2, 9.3లతో సరిచూసుకోండి.

9.4 స్టెడీకామ్: సంక్షిప్త చరిత్ర

అమెరికాకు చెందిన గారెట్ బ్రౌన్ 1970ల మధ్యకాలంలో స్టెడీకామ్‌ను రూపొందించాడు. సినిమా ప్రొడక్ట్స్ అనే సంస్థ దాన్ని తయారుచేసింది. 1976లో విడుదలైన 'బౌండ్ ఫర్ గ్లోరీ', 'మారథాన్ మ్యాన్', 'రాకీ' చిత్రాలలో దాన్ని వాడారు. 'బౌండ్ ఫర్ గ్లోరీ'లో బ్రౌన్ క్రేన్ మీద కిందికి దిగి, షాట్ తెగకుండానే క్రేన్ వదిలి జనం మధ్యగా నడిచాడు. 'రాకీ'లో కథానాయకుడు ఫిలడెల్ఫియా కళా ప్రదర్శనశాల మెట్లమీద పరుగెత్తే దృశ్యం లోకప్రసిద్ధమైంది. పట్టాలు వేయలేని చోట కెమెరా మనిషితోపాటు మెట్లెక్కగలదని ప్రేక్షకులు అప్పుడు చూశారు.

1980 నాటి 'ది షైనింగ్'లో స్లెడ్‌ను తలకిందులుగా అమర్చి, కెమెరాను నేలకు కొద్ది ఎత్తులో నడిపారు. మూడు చక్రాల బండి తొక్కే పిల్లవాణ్ని హోటల్ వసారాల వెంట అనుసరించటానికి బ్రౌన్ చక్రాల కుర్చీని కూడా వాడుకున్నాడు. 2002లో వచ్చిన 'రష్యన్ ఆర్క్' సినిమా మొత్తం ఒకే షాట్. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియం గదుల గుండా టిల్మన్ బ్యూట్నర్ సుమారు గంటన్నర సేపు స్టెడీకామ్ మోశాడు. పరికరం గొప్పదే, అయితే ఆ షాట్‌ను చివరిదాకా నడిపింది ఒక మనిషి కాళ్లు, నడుము.

తెలుగులో రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వంలో, ఎస్. గోపాలరెడ్డి ఛాయాగ్రహణంలో 1989లో వచ్చిన 'శివ' చిత్రంలో స్టెడీకామ్ వాడిన తీరును సినీ విద్యార్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2013లో ఫ్రీఫ్లై సంస్థ మోవీ అనే మోటారు గింబల్‌ను, 2014లో డీజేఐ సంస్థ రోనిన్‌ను తెచ్చాయి. ఆ తరవాతి సంవత్సరాలలో ఈ సాంకేతికత చిన్న కెమెరాలకూ, ఫోన్లకూ చేరింది. అలా పెద్ద సినిమాల పరికరం పట్టణాల్లోని ఫొటో స్టూడియోలకు అందుబాటులోకి వచ్చింది.

9.5 పరికరాల రకాలు

అ) లెన్సు లేదా సెన్సార్ స్థిరీకరణ: కెమెరాలో లేదా లెన్సులో ఇమిడి ఉంటుంది. నిలబడి తీసే షాట్లలో చేతి సన్నని వణుకును తగ్గిస్తుంది. నడకకు చాలదు. వెడల్పు లెన్సుతో నడిచేటప్పుడు ఫ్రేమ్ మూలలు సాగినట్లు కనిపించవచ్చు. గింబల్ మీద పెట్టినప్పుడు దీన్ని వేసి ఒకసారి, తీసి ఒకసారి పరీక్షించి నిర్ణయించుకోండి.

ఆ) ఎలక్ట్రానిక్ స్థిరీకరణ: ఫ్రేమ్ అంచులను కొంత కత్తిరించి బొమ్మను సర్దుతుంది. తక్కువ వెలుతురులో నెమ్మది షటర్ వల్ల వచ్చే మసకను ఇది తొలగించలేదు. బొమ్మ కదలకపోయినా మసక మాత్రం అలాగే ఉంటుంది.

ఇ) మోనోపాడ్, షోల్డర్ రిగ్: చవకైనవి, వెంటనే వాడుకోగలిగినవి. జనసమూహంలో వార్తలు సేకరించేవారికి మోనోపాడ్ ఈనాటికీ మంచి నేస్తం.

ఈ) చేతి గింబల్: మూడు మోటార్లతో ఉంటుంది. మిర్రర్‌లెస్ కెమెరాలకు తగినది. సాధారణంగా 2 నుంచి 4.5 కిలోల వరకు మోసే నమూనాలు దొరుకుతాయి.

ఉ) వెస్ట్, చేయి, స్లెడ్: సంప్రదాయ స్టెడీకామ్ పద్ధతి. బరువైన సినిమా కెమెరాలకు సరిపోతుంది. నేర్చుకోవటానికి నెలల సాధన కావాలి. కెమెరాతో కలిపి ఆపరేటర్ ఒంటిమీద సుమారు 20 నుంచి 30 కిలోలు పడవచ్చు.

ఊ) మిశ్రమ పద్ధతి: మోటారు గింబల్‌ను వెస్ట్‌కు, స్ప్రింగు చేయికి తగిలించటం. కోణీయ కుదుపును మోటార్లు, అడుగుల ఊపును స్ప్రింగులు చూసుకుంటాయి. చేతులకు విశ్రాంతి దొరుకుతుంది.

9.6 పరికరం ఎంపిక

9.6.1 బరువు లెక్క

పరికరం మోయగల గరిష్ఠ బరువును తయారీదారు పేర్కొంటాడు. దాన్ని ఒంటి కెమెరా బరువుతో పోల్చకూడదు. పనికి సిద్ధంగా ఉన్న మొత్తం సామానును తూచాలి. ఇంట్లో వంటగది తూకం యంత్రం చాలు. ఒక ఉదాహరణ చూద్దాం:

కెమెరా, బ్యాటరీ, కార్డు: 715 గ్రాములు
24-70 మి.మీ. జూమ్ లెన్సు: 695 గ్రాములు
ప్లేటు, కేజ్: 200 గ్రాములు
ఎన్‌డీ ఫిల్టర్: 90 గ్రాములు
చిన్న మైకు, తీగ: 100 గ్రాములు
మొత్తం: 1,800 గ్రాములు

2 కిలోల గరిష్ఠ బరువున్న గింబల్ మీద ఇది 90 శాతం. కాగితం మీద సరిపోయినట్లే ఉంటుంది, గాలి వీచినా, మెట్లమీద వేగంగా తిరిగినా ఇబ్బంది పెడుతుంది. 3 కిలోల గింబల్ మీద 60 శాతం. రేపు 300 గ్రాముల వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ తగిలించినా 70 శాతమే. గరిష్ఠ బరువులో 60 నుంచి 80 శాతం మధ్య ఉండేలా చూసుకోవటం మంచి పద్ధతి. 4.5 కిలోల గింబల్ కొంటే ఇంకా మంచిది కదా అనిపించవచ్చు. అయితే అదనపు శక్తితోపాటు పరికరం స్వంత బరువు కూడా పెరుగుతుంది, దాన్ని మోయవలసింది మీ చేతులే.

బరువుతోపాటు కొలత కూడా చూడండి. పొడవైన లెన్సు గింబల్ చేతులకు తగలకుండా తిరగాలి. కొనేముందు మీ కెమెరాను, మీ అతి పొడవైన లెన్సును దుకాణానికి తీసుకువెళ్లి బిగించి చూడండి.

9.6.2 పని స్వభావం

రోజంతా వార్తల వెంట తిరిగేవారికి త్వరగా తీసి వాడే పరికరం కావాలి. రెండు నిమిషాల ఇంటర్వ్యూకు గింబల్ బిగిస్తూ కూర్చుంటే మంత్రిగారు కారెక్కి వెళ్లిపోతారు. డాక్యుమెంటరీలో ఒకే మనిషిని గంటలతరబడి అనుసరించేవారికి మిశ్రమ పద్ధతి నయం. కథాచిత్రంలో ఒకే కదలికను పదిసార్లు ఒకేలా చేయవలసి వస్తుంది, ఫోకస్ చూడటానికి మరో మనిషి ఉంటాడు. అక్కడ వెస్ట్, స్లెడ్ తగినవి.

9.6.3 మీ శరీరం

1,800 గ్రాముల కెమెరాకు సుమారు ఒకటిన్నర కిలో గింబల్ కలిస్తే మొత్తం 3.3 కిలోలు. చేతులు చాచి శరీరానికి 50 సెం.మీ. దూరంలో పట్టుకుంటే, 20 సెం.మీ. దూరంలో పట్టుకున్నప్పటికంటే భుజంమీద, నడుముమీద పడే మెలిబలం రెండున్నర రెట్లుంటుంది. కాబట్టి కొనేముందు అంతే బరువున్న సంచిని రెండు చేతులతో ఛాతీముందు పది నిమిషాలు పట్టుకుని, ఇంట్లో నడిచి చూడండి. అయిదో నిమిషానికే చేతులు వణికితే తేలికైన లెన్సో, చిన్న కెమెరానో, వెస్టో కావాలి. వెస్ట్ విషయంలో కొలత ముఖ్యం. బరువు ప్రధానంగా తుంటి ఎముకల మీద కూర్చోవాలి. ఒకరి కొలతకు సరిపోయిన వెస్ట్ మరొకరికి సరిపోదు. స్త్రీలు, సన్నగా ఉన్నవారు తొడుక్కుని చూడకుండా కొనకూడదు.

9.6.4 కొనటమా, అద్దెకు తేవటమా?

పరికరం ధరను రోజు అద్దెతో భాగించండి. ఎన్ని రోజులు వాడితే ధర గిట్టుబాటవుతుందో తెలుస్తుంది. లెక్కకోసం ధర 60,000 రూపాయలు, అద్దె రోజుకు 1,500 రూపాయలు అనుకుందాం. 60,000 ÷ 1,500 = 40 రోజులు. ఏడాదికి మీకు గింబల్ అవసరమయ్యే పనిరోజులు 12 అయితే అద్దె మేలు, 50 అయితే కొనటం మేలు.

పెళ్లి చిత్రీకరణమీద ఆధారపడేవారు మరో సంగతి ఆలోచించాలి. మన ప్రాంతంలో ముహూర్తాలు కొన్ని నెలల్లో ముమ్మరంగా ఉంటాయి. ఆషాఢంలోను, మూఢాల్లోను పెళ్లిళ్లు దాదాపు ఉండవు. ఆదాయం అప్పుడు ఆగుతుంది, వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాలి. అప్పుమీద కొనేవారు ఏడాది ఆదాయాన్ని పన్నెండుతో భాగించి చూసుకోవాలి తప్ప, మంచి ముహూర్తాల నెలలో వచ్చిన డబ్బును చూసి వాయిదా నిర్ణయించుకోకూడదు. మరోవైపు, ఒకే రోజున ఊరంతా పెళ్లిళ్లున్నప్పుడు అద్దెకు పరికరం దొరకకపోవచ్చు. ముందుగా మాట్లాడిపెట్టుకోవటం, ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఒకటి కొనుక్కోవటం మధ్యేమార్గాలు.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2
1) మీ దగ్గర ఉన్న లేదా మీరు కొనదలచిన కెమెరా సామాను బరువు లెక్కవేసి, ఎంత గరిష్ఠ బరువున్న గింబల్ కావాలో చెప్పండి.
2) మీ పనిరోజుల ఆధారంగా కొనటం, అద్దె - రెండింటిలో ఏది మేలో కారణాలతో రాయండి.

9.7 తూకం కుదర్చటం

9.7.1 మోటారు గింబల్

ముందుగా కెమెరాను షూటింగ్‌లో ఎలా ఉంటుందో అలాగే సిద్ధం చేయండి. లెన్సు మూత తీయాలి. బ్యాటరీ, కార్డు, ఫిల్టర్, మైకు, తీగలు అన్నీ ఉండాలి. తెర తెరిచి వాడేటట్లయితే తెరిచే ఉంచాలి. జూమ్ చేసినప్పుడు పొడవు పెరిగే లెన్సు అయితే, వాడబోయే నాభ్యంతరం దగ్గర పెట్టాలి. ఆ తరవాత గింబల్ స్విచ్ ఆపి ఉంచి, ఈ వరసలో చేయండి.

1) టిల్ట్, ముందు వెనకలు: లెన్సును ఎదురుగా పెట్టి వదలండి. ముందుకు వంగితే కెమెరాను వెనక్కు, వెనక్కు వంగితే ముందుకు జరపండి.
2) టిల్ట్, ఎత్తు: లెన్సును ఆకాశంవైపు తిప్పి వదలండి. కదలకుండా నిలిచేదాకా కెమెరాను పైకో కిందికో సర్దండి.
3) రోల్: కెమెరా ఏ పక్కకు ఒరుగుతుందో చూసి, రెండోపక్కకు జరపండి.
4) పాన్: పిడిని పక్కకు వంచి పట్టుకోండి. పై భాగం తనంతట తాను తిరిగిపోతే పాన్ చేతిని సర్దండి.

ఏ స్థితిలో వదిలినా కెమెరా అక్కడే నిలిస్తే తూకం కుదిరినట్లు. అప్పుడు స్విచ్ వేసి, మోటార్ల శక్తిని గింబల్ తానే నిర్ణయించుకునే సౌకర్యాన్ని వాడండి. పిడిలో సన్నని గుర్రుమనే కంపనం వస్తే మోటారు శక్తి ఎక్కువైందని గాని, ఏదో మర వదులుగా ఉందని గాని అర్థం. కెమెరా మందంగా వెనకబడుతుంటే శక్తి తక్కువైంది. లెన్సు మార్చిన ప్రతిసారీ తూకం మళ్లీ చూసుకోవాలి.

9.7.2 స్టెడీకామ్ స్లెడ్

ముందు వెనకల, పక్కల తూకం కుదిరాక పడిక సమయం చూస్తారు. కడ్డీని అడ్డంగా పట్టుకుని వదిలితే అది నిలువుకు రావటానికి పట్టే సమయమే పడిక సమయం. సాధారణంగా 2 నుంచి 3 సెకన్లు ఉండాలి. అంతకంటే త్వరగా పడితే కింది భాగం మరీ బరువుగా ఉన్నట్లు. అలాంటి స్లెడ్ మీరు నడక మొదలుపెట్టినప్పుడు, ఆపినప్పుడు లోలకంలా ఊగుతుంది. గింబల్‌ను కడ్డీమీద కొద్దిగా కిందికి జరిపితే అది గరిమనాభికి దగ్గరై పడిక నెమ్మదిస్తుంది. మరీ నెమ్మదిగా పడితే గింబల్‌ను కొద్దిగా పైకి జరపాలి. చివరగా స్లెడ్‌ను నెమ్మదిగా గుండ్రంగా తిప్పి చూడండి. నిలువు చెడకుండా తిరిగితే గమన తూకం కూడా కుదిరినట్లు.

9.8 ఆపరేటర్ శరీరం: పట్టు, నడక

బిందె నెత్తిన పెట్టుకుని నీళ్లు తొణకకుండా నడిచేవారిని గమనించండి. మోకాళ్లు బిగదీసి ఉండవు. అడుగులు చిన్నవి. తల ఎత్తు దాదాపు మారదు. గింబల్ ఆపరేటర్ నడక కూడా ఇదే. మోకాళ్లను కొంచెం వంచి, ముందుకు నడిచేటప్పుడు మడమ మొదట ఆనించి, పాదాన్ని నెమ్మదిగా వేళ్లదాకా దొర్లించాలి. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉండాలి గాని అంటుకోకూడదు. వెనక్కు నడిచేటప్పుడు వేళ్లు మొదట ఆనాలి.

స్టెడీకామ్‌లో ఒక చెయ్యి స్ప్రింగు చేయిని నడిపిస్తుంది. రెండో చెయ్యి గింబల్ దగ్గర వేళ్ల కొసలతో తాకీ తాకనట్లు ఉంటుంది. గట్టిగా పట్టుకుంటే చేతి వణుకంతా మళ్లీ కెమెరాకు చేరుతుంది.

వెడల్పు లెన్సు కోణీయ కుదుపును దాచుతుంది. నడక షాట్లు 24 మి.మీ. పరిసరాల్లో మొదలుపెట్టటం అభ్యాసకులకు సుగమం. అడుగుల ఊపు మిగిలితే దగ్గరి వస్తువులు ఫ్రేమ్ అంచుల్లో లేకుండా చూసుకోండి. 9.2లోని వేలు, క్యాలెండర్ ప్రయోగం ఇక్కడ పనికివస్తుంది.

షటర్ విషయం కూడా చెప్పుకోవాలి. సెకనుకు 25 ఫ్రేములతో తీసేటప్పుడు షటర్ 1/50 సెకను పెడితే కదలిక కంటికి సహజంగా ఉంటుంది. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ గనుక చాలా దీపాలకింద మినుకుమినుకులు రాకుండానూ అది తోడ్పడుతుంది. ఎండలో వెలుతురు తగ్గించటానికి షటర్ పెంచకుండా ఎన్‌డీ ఫిల్టర్ వాడండి.

అభ్యాసం: నేలమీద పది అడుగుల పొడవున సుద్దగీత గీయండి. ఎదురు గోడమీద కంటి ఎత్తులో ఒక గుర్తు పెట్టండి. గుర్తు ఫ్రేమ్ మధ్యనుంచి జరగకుండా గీతవెంట ముందుకూ వెనక్కూ నడవండి. రోజుకు పదిహేను నిమిషాలు, మూడు వారాలు చేయండి. మొదటి రోజు వీడియోను, చివరి రోజు వీడియోను పక్కపక్కన పెట్టి చూడండి.

9.9 పని ఉదాహరణ: పెళ్లి చిత్రీకరణ

పెళ్లిలో రెండో టేక్ లేదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, తెర తొలగించే క్షణం, మాంగల్యధారణ - ఇవి ఆ కుటుంబానికి జన్మకొకసారి జరిగేవి. అందువల్ల మొదటి నియమం: ముహూర్త సమయంలో గింబల్ కెమెరా ఒక్కటే ఉండకూడదు. మండపాన్ని మొత్తంగా చూపే ఒక కెమెరా ట్రైపాడ్ మీద ఆగకుండా నడుస్తుండాలి. గింబల్ బ్యాటరీ అయిపోయినా, ఎవరో పెద్దాయన అడ్డుగా నిలబడినా దృశ్యం పోదు.

గింబల్ దేనికి బాగా ఉపయోగపడుతుంది? ఎదుర్కోలుకు, పెళ్లికూతురిని బుట్టలో మేనమామలు మోసుకువచ్చేటప్పుడు, తలంబ్రాలకు, ఊరేగింపుకు. వీటన్నిటిలో మనుషులు కదులుతున్నారు, కాబట్టి కెమెరా కదలటానికి కారణం ఉంది. అప్పగింతల్లో అమ్మాయి తండ్రి చేయి వదలని క్షణాన కెమెరా చుట్టూ తిరిగితే చూసేవారి దృష్టి వారి ముఖాలనుంచి కెమెరామీదకు మళ్లుతుంది. అక్కడ కదలకుండా నిలబడటమే మంచి ఆపరేటర్ లక్షణం.

బుట్ట వచ్చే దారిలో మీరు వెనక్కు నడుస్తారు. ముందుగానే ఆ దారిలో ఒకసారి నడిచి, మెట్లు, తివాచీ మడతలు, తీగలు ఎక్కడున్నాయో చూసుకోండి. మీ వెనక ఒక సహాయకుడు ఉండి, నడుం దగ్గర చెయ్యి వేసి దారి చూపాలి. పురోహితులను ముందుగా పలకరించి ఏ ఘట్టం తరవాత ఏది వస్తుందో అడిగి తెలుసుకోండి. తలంబ్రాల బియ్యం గింజలు గింబల్ సందుల్లో చిక్కుకోవచ్చు. ఆ ఘట్టం కాగానే ఒకసారి చూసి దులుపుకోండి.

మీ ప్రగతిని తెలుసుకోండి - 3
1) ముహూర్త సమయంలో ట్రైపాడ్ కెమెరా ఎందుకు తప్పనిసరి?
2) మీకు తెలిసిన ఒక వేడుకలో గింబల్ వాడదగిన రెండు ఘట్టాలు, వాడకూడని ఒక ఘట్టం కారణాలతో పేర్కొనండి.

9.10 భద్రత, నిర్వహణ

బరువైన వెస్ట్ తొడుక్కుని నడుము వంచి వస్తువులు ఎత్తకూడదు. షాట్‌కూ షాట్‌కూ మధ్య స్లెడ్‌ను స్టాండ్‌మీద పెట్టేయాలి. వెస్ట్‌ను అత్యవసరంగా విప్పే పట్టీ ఎక్కడుందో మీకూ, సహాయకుడికీ తెలియాలి. నీటి దగ్గర, ఎత్తయిన చోట ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. నొప్పిని ఓర్చుకోవటం ఈ వృత్తిలో గొప్పతనం కాదు. నడుము పాడైతే సంపాదన కూడా ఆగుతుంది. గంటకోసారి విరామం కావాలని పని ఒప్పుకునేటప్పుడే చెప్పండి.

లిథియం బ్యాటరీలతో విమానంలో వెళ్లేటప్పుడు విడి బ్యాటరీలను చేతి సామానులోనే ఉంచాలి. 100 వాట్-అవర్ల వరకు సాధారణంగా అనుమతిస్తారు. 100 నుంచి 160 మధ్య అయితే విమానసంస్థ అనుమతి కావాలి. ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు. పని ముగిశాక మరలన్నీ సరిచూసి, దుమ్ము తుడిచి, మోటార్ల తాళాలు వేసి పెట్టెలో సర్దండి.

9.11 సారాంశం

కెమెరా కుదుపు కోణీయంగాను, స్థానచలనంగాను ఉంటుంది. మోటారు గింబల్ మొదటిదాన్ని సరిదిద్దుతుంది. రెండోదాన్ని స్ప్రింగు చేయి లేదా ఆపరేటర్ నడక తగ్గించాలి. స్టెడీకామ్ బరువును దూరంగా పంచి, గరిమనాభికి కొంచెం పైన గింబల్ బిగించి కెమెరాను నిలకడగా ఉంచుతుంది. పరికరాన్ని ఎంచుకునేటప్పుడు మొత్తం బరువు, పని స్వభావం, శరీర శక్తి, ఏడాది ఆదాయం - ఈ నాలుగింటినీ లెక్కలోకి తీసుకోవాలి. మోటార్లున్నా తూకం తప్పనిసరి. తిరిగిరాని ఘట్టాలలో ట్రైపాడ్ కెమెరా తోడు ఉండాలి. కెమెరా కదలటానికి దృశ్యంలో కారణం ఉన్నప్పుడే కదలాలి.

9.12 ముఖ్యపదాలు

గరిమనాభి: వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్లు వ్యవహరించే బిందువు.
జడత్వ భ్రామకం: తిరిగే కదలికలో మార్పును వస్తువు ప్రతిఘటించే గుణం.
గింబల్: అక్షాలపై స్వేచ్ఛగా తిరిగే కీలు. నేటి వాడుకలో మోటార్లున్న స్థిరీకరణ పరికరం.
స్లెడ్: స్టెడీకామ్‌లో కెమెరా, కడ్డీ, మానిటర్, బ్యాటరీల అమరిక.
పడిక సమయం: అడ్డంగా ఉంచి వదిలిన స్లెడ్ నిలువుకు రావటానికి పట్టే కాలం.

9.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) స్టెడీకామ్, మోటారు గింబల్ పనిచేసే సూత్రాలను పోల్చి వివరించండి.
2) వృత్తి ఆపరేటర్ స్థిరీకరణ పరికరాన్ని ఎంచుకునేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) మోటారు గింబల్‌కు తూకం కుదర్చే వరసను రాయండి.
2) పడిక సమయం మరీ తక్కువైతే వచ్చే ఇబ్బంది ఏమిటి? ఎలా సరిచేస్తారు?
3) ఆపరేటర్ నడకలో పాటించవలసిన మెలకువలు ఏవి?

III. కింది ప్రశ్నకు లెక్కతో సమాధానం ఇవ్వండి.
1) ఒక కెమెరా సామాను మొత్తం బరువు 2,400 గ్రాములు. 3 కిలోలు, 4.5 కిలోల గరిష్ఠ బరువులున్న రెండు గింబల్‌లలో ఏది ఎంచుకుంటారు? శాతాలు లెక్కకట్టి, కారణం చెప్పండి.